శ వత్తులు చాలలేదు

ఫోర్‌మన్ బాబాయి పోయారని ఫోనులో వచ్చిన పెద్దకర్మ కార్డు చూసి తెలుసుకున్నాను. రంగుల కార్డు. మూలన పూలదండ వేసిన ఫొటో, కింద ఇంటి చిరునామా, భోజనాల వేళ. పైనుంచి రెండో వరుసలో 'వైకుంఠ సమరాధన' అని ఉంది. దీర్ఘం ఎగిరిపోయింది. కళ్ళనీళ్ళకంటే ముందు నా చేయి బల్లమీద పెన్సిలు కోసం తడిమింది. జీవితమంతా సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన మనిషికి ఆఖరి కార్డులో ఒక దీర్ఘం బాకీ పడింది. ఆయనే ఉంటే, "పోనీలే అమ్మాయ్, పోయినవాడు ప్రూఫు చూస్తాడా?" అనేవారు.

తెనాలి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆయన మనవడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "మీ కథలు అందరికంటే ముందు మా తాతగారే చదివేవారటగా?" అన్నాడు. "అవును, తలకిందులుగా చదివేవారు" అన్నాను. మర్యాదకు నవ్వాడు. సీసపు అక్షరాలు గడుల్లో పోసి ఉంచే టైపు కేసు ఎలా ఉంటుందో చూసిన వయసు కాదు అతనిది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను, ఆ తలకిందుల చదువు గురించి ఎక్కడైనా రాసి పెట్టాలని. నా రాతమీద నాకు నమ్మకం చాలని రోజుల్లో (ఆ రోజులు అయిపోయాయని అనుకునేరు, కాలేదు) నన్ను నిలబెట్టింది అదే.

మా నాన్నగారి ప్రెస్సు బోసు రోడ్డు నుంచి పక్కకు తిరిగే ఒక సందులో ఉండేది. ముందుగదిలో నాన్నగారి బల్ల, నమూనా శుభలేఖలు అంటించిన పెద్ద పుస్తకం, రసీదు బుక్కులు. వెనక పెంకుల వసారాలో ఏటవాలుగా నిలబెట్టిన కేసులు. ఆ చివర కాలితో తొక్కే ట్రెడిల్ మిషను. మేడమీద మా కాపురం. మధ్యాహ్నం కరెంటు పోతే ఊళ్ళో మిల్లులు ఆగేవి. మా మిషనుకు కరెంటుతో పని లేదు కాబట్టి మిషన్‌మ్యాన్ కాలికి ఆ తీరికా లేదు. కాగితం పెట్టడం, పలక మూసుకోవడం, తెరుచుకోవడం, కాగితం తీయడం, మళ్ళీ పెట్టడం. రోజంతా అదే చప్పుడు. ఆ లయ ఒక్క క్షణం తడబడితే ఫారంలో, అంటే బిగించిన అక్షరాల చట్రంలో, ఏదో అక్షరం పైకి లేచిందని మేడమీద అన్నం వారుస్తున్న అమ్మకు కూడా తెలిసిపోయేది.

సిరా వాసన, అచ్చయిన ఫారం కడిగే కిరసనాయిలు వాసన, బైండింగు మూలలో ఉడికే లై జిగురు వాసన. లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవారు కాబట్టి పిల్లలం ఆ గిన్నె దగ్గరికి పోతే దెబ్బలు పడేవి. సాయంత్రం పని ముగిశాక కంపోజిటర్లు సబ్బుతో ఎంత తోమినా వేళ్ళ చివర నలుపు పోయేది కాదు. అన్నం తినే ముందు చేతులు కడిగారో లేదో నాన్నగారు దగ్గర నిలబడి మరీ చూసేవారు. సీసం సంగతి ఆయనకు తెలుసు.

బాబాయి మాకు చుట్టం కాదు. ప్రెస్సులో ఫోర్‌మన్. పెద్దవాళ్ళందరూ ఫోర్‌మన్ గారు అంటుంటే నేను దానికి బాబాయి అని తోక తగిలించాను, అదే ఊరంతటికీ స్థిరపడిపోయింది. ఆయన కంపోజ్ చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని చూసేదాన్ని. ఎడమచేతిలో అక్షరాలు పంక్తిగా పేర్చే స్టిక్కు, పంక్తి చివర ఆనించిన బొటనవేలు. కుడిచేయి కేసులోకి పోయి వస్తూ ఉంటుంది. కళ్ళు మాత్రం కాగితంమీదే. ప్రతి అక్షరానికీ ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. అది వేలికి తగలగానే ఏది తలో ఏది కాలో తెలిసిపోతుంది, చూడనక్కరలేదు. ఇంగ్లీషు కంపోజిటర్‌కు చిన్నబడి, పెద్దబడి కలిపి 52 అక్షరాలు, అంకెలు, గుర్తులు. తెలుగుకు అలా కుదరదు. గుణింతాలు, వత్తులు అన్నీ కలిసి వందల గడులు. ఆయన చుట్టూ మూడువైపులా కేసులే. స్టిక్కులో పంక్తి ఎడమనుంచి కుడికే సాగుతుంది గానీ అక్షరాలు తలకిందులుగా, ఎదురుముఖంగా నిలబడి ఉంటాయి. ఆయన వాటిని గడగడా చదివేవారు. తిన్నగా అచ్చయిన కాగితం చేతికిస్తే మాత్రం ఒక్కొక్కప్పుడు అలవాటుకొద్దీ తలకిందులుగా పట్టుకునేవారు.

నాకు కూడబలుక్కోకుండా చదవడం వచ్చిన ఏడే నన్ను కాపీ హోల్డరుగా కూర్చోబెట్టారు. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, రెండోవారు గాలీ ప్రూఫుమీద, అంటే పేజీలుగా కట్టకముందు తీసిన అచ్చుమీద, పెన్సిలుతో దిద్దుకుంటూ పోవాలి. చదివేది నేను, దిద్దేది నాన్నగారు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఎరువుల కొట్టు కరపత్రాలు, పద్యనాటకాల కరపత్రాలు. తెనాలిలో నాటకాలకు కొదవ లేదు. ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు ఉండేవారు, అందరి పేర్లూ వేయాలి, ఎవరి పేరు చిన్న టైపులో పడినా గొడవే. హైస్కూలు ప్రశ్నపత్రాలు వచ్చినప్పుడు మాత్రం నన్ను మేడమీదికి తరిమి నాన్నగారు తలుపు వేసుకునేవారు.

చదవడానికి ఒక నియమం ఉండేది. విరామచిహ్నాలు కూడా పైకి చెప్పాలి. "మా ద్వితీయ పుత్రిక కామా చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి..." అలా. రెండో నియమం ఇంకా కఠినం. భావం పెట్టి చదవకూడదు. నాటకం కరపత్రంలో పద్యపాదం వస్తే నాకు గొంతు ఎత్తాలనిపించేది. నాన్నగారు పెన్సిలుతో బల్లమీద కొట్టేవారు. "భావం వద్దమ్మా, అక్షరం చాలు. నువ్వు భావం పెట్టి చదివితే నా చెవి తప్పును క్షమించేస్తుంది" అనేవారు. అప్పట్లో అది ప్రూఫులకు సంబంధించిన మాట అనుకున్నాను.

మా ప్రెస్సుకు వచ్చే కవులలో ఎక్కువమందికి తమమీద తమకు అనుమానం అన్నదే ఉండేది కాదు. సొంత ఖర్చుతో శతకాలు వేయించుకునేవారు. ఊరి దేవుడి పేరుతో మకుటం, ముందు పేజీలో ఉత్తరీయంతో ఫొటో, ఆ తర్వాత పెద్దల అభిప్రాయాలు, చివర తప్పొప్పుల పట్టిక. ఒక కరణం గారు ధాన్యం అమ్మిన డబ్బు మూటగట్టి తెచ్చి 500 ప్రతులు వేయించారు. ప్రూఫు చేతికిస్తే దిద్దకుండా, తన పద్యాలు తానే రాగం తీసి పాడుకుంటూ కూర్చున్నారు. ఒక చోట యతి తప్పిందని నాన్నగారు నెమ్మదిగా చెప్పబోతే, "తప్పితే స్వామి చూసుకుంటాడు లెండి" అన్నారు. అప్పుడు నాకు నవ్వు ఆగలేదు. రాత్రి పడుకున్నాక మాత్రం ఆయనమీద అసూయ కలిగింది. ఆ పుస్తకాలు పెళ్ళిళ్ళలో తాంబూలంతో పాటు పంచారు. నాకు తెలిసినంతలో అంత సంతోషంగా పుస్తకం వేసుకున్న మనిషి మరొకరు లేరు.

దీనికి పూర్తిగా ఎదురు, కాలేజీలో తెలుగు చెప్పే ఒక మాస్టారు. తన వ్యాసాల పుస్తకం అచ్చవుతుంటే గాలీ ప్రూఫు దిద్ది, పేజీ ప్రూఫు దిద్ది, ఫారం మిషను ఎక్కాక కూడా సైకిలు తొక్కుకుంటూ వచ్చి "ఒక్క మాట మారుద్దామండీ" అనేవారు. ఒక్క మాట మారితే సీసంలో పేరా అంతా జరపాలి. బాబాయికి ఒళ్ళు మండేది. ఒకరోజు మాస్టారు సమర్థించుకోబోయారు. "గురజాడ వారు 1897లో కన్యాశుల్కం అచ్చు వేశారు. అది చాలలేదని 1909లో దాదాపు కొత్త నాటకం అనిపించేటంతగా తిరగరాసి మళ్ళీ వేశారు. ఈ రోజు మనం చదివేది ఆ రెండోదే. అంతటాయనకే అనుమానం వస్తే నాకు రాదా చెప్పండి." బాబాయి స్టిక్కు కింద పెట్టకుండానే, "పన్నెండేళ్ళు ఆలోచించారు నిజమేనండీ. కానీ ఆ పన్నెండేళ్ళూ కంపోజిటర్ని పక్కన నిలబెట్టుకోలేదు కదా" అన్నారు.

డిగ్రీ చదివే రోజుల్లో నేను కథలు రాయడం మొదలుపెట్టాను. తెనాలిలో పుట్టి కథ రాయాలంటే గుండె గట్టిగా ఉండాలి. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు, చక్రపాణి గారి ఊరు, త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమంలో ఉండి రాసిన ఊరు. అక్కడ కిళ్ళీకొట్టు దగ్గర నిలబడినవాళ్ళు కూడా కథ ఎలా ఉండాలో చెప్పగలరు. రాత్రి మేడమీద లాంతరు పెట్టుకుని రాస్తున్నంతసేపూ నా అంతటిది లేదనిపించేది. పొద్దున్న లేచి చదివితే ఆ కాగితాలు ఎవరి కంటబడతాయోనని పరుపు కింద దూర్చేదాన్ని. రాజమండ్రి మామయ్య తెచ్చిన రత్నం పెన్ను నాన్నగారిది, ఆయనకు తెలియకుండా దానితో సాపు రాసేదాన్ని. సాపు రాయడంలో ఒక మాయ ఉంది. దస్తూరీ బాగుంటే కథ కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. రెండోసారి సాపు రాసేటప్పటికి ఆ మాయ పోయి, వాక్యం ఎక్కడ బరువుగా ఉందో చేతి నొప్పి చెప్పేది.

అరఠావులమీద ఒక పక్కే రాసి, 'ఇది నా స్వంత రచన, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు' అని హామీపత్రం జతచేసి, తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు కూడా లోపల పెట్టి పంపేవాళ్ళం. ఆ తిరుగు కవరుమీద మన పేరు మనమే రాసుకుంటున్నప్పుడే సగం ప్రాణం పోతుంది. ఓడిపోతే ఇంటికి రావడానికి దారిఖర్చు ముందే ఇచ్చి పంపడం కదా అది. పోస్టుమ్యాన్ సందు మలుపు తిరగగానే నాకు మేడమీదనుంచి కనపడేవారు. చేతిలో లావుపాటి కవరు ఉంటే కథ తిరిగి వచ్చినట్టు. కార్డు వస్తే స్వీకరించినట్టు. ఆయనకూ ఈ లెక్క తెలిసిపోయి, లావు కవరు వచ్చిన రోజున గట్టిగా కేకేయకుండా మెట్లమీద పెట్టి పోయేవారు. ఆయన మంచితనం నాకు ఇంకా కష్టంగా ఉండేది.

చివరికి ఒక వారపత్రికనుంచి కార్డు వచ్చింది. 'మీ కథ ప్రచురణకు స్వీకరించాము. వీలువెంబడి ప్రచురిస్తాము.' కథ పడింది, తర్వాత పాతిక రూపాయల మనీయార్డరు కూడా వచ్చింది. ఆ ఆనందం వారంరోజులైనా నిలవలేదు. నాన్నగారి స్నేహితుడొకాయన కాఫీ తాగుతూ, "ఆడపిల్ల పేరు కదా, వేస్తారు" అన్నారు. అంతే. చెడ్డమనిషి కాదు, నోటికొచ్చిన మాట అన్నారు. కానీ ఆ మాటలో కొంత లోకం కూడా ఉంది. అప్పుడు వారపత్రికల్లో రచయిత్రుల సీరియళ్ళదే రాజ్యం. మగవాళ్ళు ఆడపేర్లతో రాస్తున్నారని అందరూ చెప్పుకునేవారు. ఆంధ్రజ్యోతి వారపత్రిక సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారే 'పురాణం సీత' పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాసేవారు. కాబట్టి వేసింది నా కథనా, నా పేరునా అన్న పురుగు తొలిచింది.

తేల్చుకోవాలనిపించింది. తర్వాత రాసిన కథను ఇంటిపేరు, పొడి అక్షరాలు మాత్రమే పెట్టి పంపాను. ఆడో మగో తెలియకూడదు. నెలలు గడిచాక 'శ్రీయుతులు' అన్న సంబోధనతో, చింతిస్తున్నామన్న చీటీతో లావు కవరు తిరిగి వచ్చింది. ఆహా, మా నాన్నగారి స్నేహితుడు చెప్పిందే నిజమని రెండురోజులు అన్నం సహించలేదు. ఆ కథనే పూర్తి పేరుతో, కుమారి అని కూడా తగిలించి, మరో వారపత్రికకు పంపాను. అదీ తిరిగి వచ్చింది. అప్పుడు నాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు. కథే బాగోలేదు! పేరు తప్పేమీ లేదు! పరుగెత్తుకుంటూ వెళ్ళి నాన్నగారికి చెప్పాను. తిరిగొచ్చిన కథ పట్టుకుని పండగ చేసుకునే పిల్లను చూసి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఊళ్ళో సాహితీమిత్రులు కొందరు కలిసి ఒక చిన్న మాసపత్రిక నడిపేవారు. అది మా ప్రెస్సులోనే అచ్చయ్యేది, డబ్బు ఎప్పుడు ఇస్తారో వాళ్ళకే తెలియదు. వారపత్రికలనుంచి తిరిగొచ్చినవన్నీ అందులో వేసేవాళ్ళం. ఆ రెండుసార్లు తిరిగొచ్చిన కథ కూడా అక్కడికే చేరింది. కంపోజ్ చేస్తున్న బాబాయి మధ్యాహ్నం నన్ను కిందికి పిలిచారు.

"అమ్మాయ్, శ వత్తులు అయిపోయాయి."

నాకు అర్థం కాలేదు. కేసులో ఒక గడి చూపించారు. ఖాళీ. దుశ్శాసనుడు ఉన్న నాటకాల కరపత్రాలకు తప్ప పెద్దగా పని పడని వత్తు అది. ఉన్నవే కొన్ని. "నీ కథలో నిశ్శబ్దాలు ఎక్కువయ్యాయి. గదిలో నిశ్శబ్దం, వీధిలో నిశ్శబ్దం, ఆయన కళ్ళలో నిశ్శబ్దం, ఆవిడ గొంతులో నిశ్శబ్దం. ఉన్నవన్నీ ఎక్కించాను. ఇంకా మిగిలాయి. పక్క ప్రెస్సుకు పోయి అరువు తేమంటావా, నువ్వే కొన్ని తగ్గిస్తావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. గాలీ పళ్ళెంమీద పురికొసతో కట్టిన ఆ సీసపు పేరాల్లో ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటే చూపిస్తుంటే, తలకిందులుగా ఉన్న అక్షరాల్లో కూడా ఆ మాట నాకు కనిపించసాగింది. సంపాదకులెవరూ చెప్పని సంగతి టైపు కేసు చెప్పింది. ఒక చోట తప్ప అన్నీ తీసేశాను. వంటింట్లో సన్నివేశం దగ్గర ఆ మాటకు బదులు కుండలోకి బొట్టుబొట్టుగా నీళ్ళు పడే చప్పుడు పెట్టాను. కథ కొంచెం బాగుపడింది. అద్భుతమేమీ కాలేదు.

అలవాటు చొప్పున అడిగాను, "ఇప్పుడు బాగుందా బాబాయ్?"

"బాగుందో లేదో నాకేం తెలుసు? నేను ఒక్క చూపులో ఎంత పడితే అంత మనసులో పెట్టుకుని పేరుస్తాను. వాక్యం నడుస్తూ ఉంటే తర్వాతి మాటకు చేయి ముందే కేసులోకి పోతుంది. తడబడితే మళ్ళీ కాగితం చూడాలి. నీ రెండో పేజీలో చాలాసార్లు చూడవలసి వచ్చింది. అంతవరకే నాకు తెలుసు."

ఎక్కడెక్కడ చూడవలసి వచ్చిందో గుర్తు పెట్టమని అడిగాను. అప్పటినుంచి నా కథ ఏది కంపోజ్ చేసినా, రాతప్రతి అంచున పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టి ఇచ్చేవారు. చుక్క ఉన్న చోటికి వెళ్ళి చూస్తే ఏదో ఒకటి ఉండేది. కర్త ఒకచోట, క్రియ ఎక్కడో. నాకే సరిగ్గా తెలియని విషయాన్ని పెద్ద మాటలతో కప్పిపెట్టిన చోటు. ఎవరినో చూసి రాసిన పోకడ. అంతకుముందు నేను అందరినీ "బాగుందా?" అని అడిగేదాన్ని. అందరూ బాగుందనే అనేవారు. ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టేది కాదు. చుక్కలున్న కాగితం చేతికి వచ్చిన రాత్రి మాత్రం ఎందుకో హాయిగా పట్టేది. చేయడానికి పని ఉంది కదా.

1977 నవంబరు 19 రాత్రి దివిసీమమీద ఉప్పెన విరుచుకుపడింది. మా ఊళ్ళోనూ ఆ రాత్రి పెంకులు ఎగిరిపోయాయి, ప్రెస్సు వసారాలో నీళ్ళు నిలిచాయి. కానీ దివిసీమలో జరిగిందానితో పోలిస్తే అది చెప్పుకోదగింది కాదు. అక్కడ 10,000 మందికి పైగా పోయారు. బాబాయి చెల్లెలిని నాగాయలంక దగ్గర పల్లెకు ఇచ్చారు. కబురేమీ తెలియక ఆయన బయలుదేరి వెళ్ళారు. బస్సులు పోయినంత దూరం బస్సులో, తర్వాత నడిచి. తిరిగి వచ్చాక చెల్లెలు బతికి ఉందని మాత్రం చెప్పి కేసు ముందు నిలబడ్డారు. నాన్నగారు సహాయనిధుల కరపత్రాలు డబ్బు తీసుకోకుండా అచ్చు వేస్తున్నారు, పగలూ రాత్రీ అదే పని.

ఆ రోజుల్లోనే నేను ఉప్పెనమీద ఒక కథ రాశాను. ఒక్క రాత్రిలో, ఒక్క కొట్టివేత లేకుండా. ఉవ్వెత్తున లేచిన కెరటం, బిడ్డ చేయి జారిపోయిన తల్లి, ఆమె గుండెలవిసేలా ఏడ్చిన ఏడుపు. పొద్దున్న లేచి చదివినా సిగ్గు అనిపించలేదు. రాయడం మొదలుపెట్టాక నన్ను అనుమానం పట్టని కథ అదొక్కటే. మాసపత్రికవాళ్ళు ముందు పేజీలోనే వేస్తామన్నారు.

బాబాయి కంపోజ్ చేసి కాగితాలు తిరిగి ఇచ్చారు. అంచున ఒక్క చుక్క లేదు. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు.

"ఎక్కడా ఆగలేదా బాబాయ్?"

"ఆగలేదమ్మాయ్. చేయి దానంతట అదే పోయింది." గాలీ తాడు ముడి వేస్తూ కాసేపు ఊరుకున్నారు. "నెలరోజులుగా ఈ మాటలే కదా పేరుస్తున్నాను. కెరటం అనగానే ఉవ్వెత్తున వస్తుంది, తల్లి అనగానే గుండెలవిసేలా వస్తుంది. కాగితం చూడకుండానే సగం కథ కట్టేశాను."

ఆ తర్వాత ఆయనే చెప్పారు. తాను వెళ్ళేసరికి చెల్లెలు ఏడవడం లేదట. బురదలో ఆవకాయ జాడీ మూత ఒకటి దొరికితే దాన్ని చంకన పెట్టుకుని, ఆ జాడీ ఎక్కడుందో చూడమని కనపడిన ప్రతివాళ్ళనూ అడుగుతూ తిరుగుతోందట. ఇల్లు లేదు, గొడ్డూ గోదా లేవు, చిన్నవాడు లేడు. జాడీ కోసం వెతుకుతోంది. "నేను కూడా వెతికాను, ఏం చెయ్యను?" అన్నారు బాబాయి.

ఆ నెల పత్రికలో నా కథ వెయ్యవద్దని చెప్పాను. మాసపత్రికవాళ్ళు బతిమాలారు, వినలేదు. బాబాయి గాలీ విప్పి అక్షరాలు ఏ గడివి ఆ గడిలో వేస్తుంటే నేను కూడా కూర్చుని సాయం చేశాను. ఆ జాడీ మూతతో కొత్త కథ రాయమని మాస్టారు ఎంతో చెప్పారు, అది వేస్తే పేరు వస్తుందన్నారు. వస్తుందని నాకూ తెలుసు. బాబాయి ఉండగా దాన్ని కథలో పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. ఇప్పటికీ కథగా రాయలేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం ఇదే మొదలు.

ప్రెస్సు గురించి ఇక పెద్దగా చెప్పడానికి లేదు. ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటర్లో అక్షరాలు వచ్చాయి, శుభలేఖలకు కూడా ఎవరూ సీసం అడగడం మానేశారు. నాన్నగారు కేసులన్నీ ఖాళీ చేసి టైపు తూకానికి అమ్మేశారు. గోనెసంచుల్లో పోశారు, అన్ని గుణింతాలూ ఒకే కుప్పగా. ఆ రోజు బాబాయి రాలేదు. ఆ తర్వాత ఆయన ఒక నోటుపుస్తకాల కొట్టులో కూర్చున్నారు. నేను స్కూల్లో తెలుగు చెప్పుకుంటూ, బదిలీలమీద ఊళ్ళు తిరుగుతూ, రాస్తూనే వచ్చాను. కథల సంపుటి వచ్చినప్పుడు ఒక ప్రతి తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పటికి ఆయన కంటికి శుక్లాల ఆపరేషను అయి ఉంది. పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమి, అచ్చు గుచ్చుకున్న జాడ లేదని పెదవి విరిచారు. ఆ తర్వాత, "చుక్కలు పెట్టడానికి పెన్సిలు ఇవ్వు" అన్నారు. అచ్చయిపోయింది కదా బాబాయ్ అంటే, "గురజాడ వారికి పన్నెండేళ్ళు పట్టింది" అన్నారు. ఆ మాట అన్నేళ్ళు గుర్తు పెట్టుకున్నారు.

ఇప్పుడు కంప్యూటర్లో రాస్తున్నాను. సాపు రాసే పని లేదు కాబట్టి చేతికి నొప్పి లేదు, ఆ నొప్పి చెప్పే కబురూ లేదు. నచ్చని పేరా నల్లబరిచి మీట నొక్కితే ఉన్నదన్న గుర్తు కూడా లేకుండా పోతుంది. మంచి రోజున రాసినదాన్ని చెడ్డ రోజున చూసి మొత్తం చెరిపేసిన సందర్భాలున్నాయి. అందుకని చెరపడం మానేసి, నచ్చనివన్నీ విడిగా ఒక ఫైలులో పడేస్తున్నాను. కొన్నాళ్ళకు తెరిచి చూస్తే అందులో సగం అంత ఘోరంగా ఉండవు. కొన్ని నిజంగానే ఘోరంగా ఉంటాయి. ఏవి ఏవో రాసిన రోజున మాత్రం తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలియదు.

చుక్కలు పెట్టే మనిషి లేరు కాబట్టి మా వారిని కాపీ హోల్డరుగా పెట్టుకున్నాను. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, కథల జోలికి పోరు. లెడ్జరు చదివినట్టు చదువుతారు. ఈ పనికి అంతకంటే మంచి గొంతు దొరకదు. కాగితంమీద అచ్చు తీసి ఆయన చేతికిస్తాను. కామాలూ ఫుల్‌స్టాపులూ పైకి చెబుతూ, భావం అన్నది మచ్చుకైనా లేకుండా చదువుకుంటూ పోతారు. నేను ఇంకో ప్రతి పట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. పక్కింటివాళ్ళు మొదట్లో ఏదో గొడవ అనుకున్నారట.

మొన్న కొత్త కథ చదువుతూ మూడో పేజీ మధ్యలో ఆగారు. వెంటనే పెన్సిలుతో చుక్క పెట్టాను.

"దాహం వేసి ఆగాను. నీ వాక్యానికేం కాలేదు" అన్నారు మా వారు, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ.

చుక్క చెరపలేదు. నీళ్ళు తాగాక అదే వాక్యం మొదటినుంచి మళ్ళీ చదవమన్నాను. చదివారు. నేను ఇంకో చుక్క పెట్టాను.